అరవై లీటర్ల లెక్క

రువిల మా రూముకు ఫ్రిజ్జొక్కటే, మనుషులం ఆరుగురం.
ఫ్రిజ్ తలుపుల పై అర సోడా సీసలది,
ఎవ్వరు రాయని చట్టమది.
రొట్టెల బట్టీ ముందర రాత్రంత నిలబడొస్త నేను,
తెల్లారేసరికి ఛాతీల ఇంకో బట్టీ రాజుకుంటది.
నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి
గ్లాసెడు సోడా దించితే
ఒక్క తేనుపు.
మళ్ల మనిషినైత.

మిషన్ ముచ్చట హబీబ్ తెచ్చిండు.
నల్లా నీళ్లు చల్లార్చి పోసి బొత్తాం ఒత్తితే
సోడా అయితదట.
ముప్పై రెండు రియాళ్లు.
ఖర్చుల బుక్కు నా దగ్గరుంటది కాబట్టి
అందరు నా మొఖమే చూసిండ్రు.

రాసిన.
బజార్ల లీటరు సీస మూడు వందల బైసలు.
మిషన్ సిలిండరు మార్చితే ఆరు రియాళ్లు,
అరవై లీటర్లొస్తదని డబ్బా మీదున్నది,
డబ్బా మీదున్నదంత నిజమనుకుంటే.
గవే అరవై సీసలు కొంటే పద్దెనిమిది.
మిగిలేది పన్నెండు.
రోజుకొక లీటరు లెక్కన
మిషన్ పైసలు తిరిగొచ్చేటందుకు
అయిదు నెలల పది రోజులు.
"రోజుకు రెండు తాగితే సగం రోజులే గద" అన్నడు ఎల్లేశం.
తాగి తాగి మిగిలిచ్చే లెక్క.
వాని పెండ్లాం వింటే ఏమంటదో.

తలా అయిదు రియాళ్ల మూడు వందల ముప్పై మూడు బైసలు.
ఆరింతలు చేస్తే రెండు బైసలు తక్కువొచ్చినయి.
ఆ రెండు ఎవరు పెట్టాలె అని
పావుగంట పంచాయితి.
ఈ దేశంల రెండు బైసల బిళ్లనే చూడలే మేము.

లింబాద్రన్న మాత్రం పండుకున్న కాడికెళ్లి లేవలే.
మోర్తాడ్ బస్టాండు కాడ పదకొండేండ్లు
గోలీసోడా కొట్టిన మనిషి.
ఎడమ కనుబొమ్మ సగమే ఉంటది.
ఎట్లయిందన్నా అంటే
పీరీల గుండంల పడ్డ అంటడు.
నిరుడు జ్వరంల కలవరిచ్చినంక తెలిసింది
ఇనుప పెట్టె, చక్రం, మీద కప్పే తడి గోనెసంచి.
"పగిలే సీస ముందుగాల చెప్పదిరా"
అని మూడుసార్లు అన్నడు.
పొద్దుగాల మేం ఏమడగలే.

శుక్రవారం ఆరుగురం పోయినం షాపుకు,
సగం మిషన్ కోసం, సగం ఏసీ కోసం.
కౌంటర్ కాడ ఫిలిప్పీన్స్ పిల్ల
నీళ్లసీస బిగిచ్చి, ఎవరొత్తుతరన్నట్టు చూసింది.
లింబాద్రన్నను ముందుకు తోసినం.
కుడిచేతి వేలు బొత్తాం మీద పెట్టిండు,
ఎడమ చెయ్యి
మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.
ఎవ్వరం నవ్వలే.

బుస్సుమన్నది.
మళ్లొకసారి బుస్సు.
గంతే.
సీసల సన్నబుడగలు పైకి పాకినయి.
అడ్డం పెట్టిన చెయ్యి నిమ్మలంగ దించి
మూడు కాగితం కప్పులు తాగిండు,
మూడో కప్పుకు ఆ పిల్ల డబ్బా ఇవతలికి జరుపుకున్నది.
మూతి తుడుసుకొని అన్నడు:
"గ్యాసు జర తక్కువ. కొనుండ్రి."

తక్కువైతే ఎందుకన్నా కొనుడు, అన్న నేను.
"తక్కువుంటెనే కొనుండ్రిరా."

బస్సుల వాపసొచ్చేటప్పుడు యాదికొచ్చింది,
ఆయన వీసా మూడు నెలలే.
క్యాన్సిల్ చేసుకొని పోతుండు.
అయిదు నెలల పది రోజుల లెక్కల
ఆయన వాటా ఆయనకు తిరిగి రాదు.
బుక్కు తీసి పేరు మీద గీత కొట్టబోయిన.
చెయ్యి పట్టుకున్నడు.
"ఉండనియ్యి. ఆ రెండు బైసలు గూడ నాకే రాయి."

మిషన్ ఇంక కొనలే.
జీతాలు పడాలె, గంగనర్సు అప్పు తీరాలె,
సిలిండరిచ్చే షాపు యాడుందో చూడాలె.
ఫ్రిజ్ తలుపుల ఇయ్యాల్టికి రెండు సీసలున్నయి.
బుక్కుల మాత్రం ఒక వరుస పడ్డది:
లింబాద్రి, అయిదు రియాళ్ల మూడు వందల ముప్పై అయిదు.
ముట్టింది.